చేతికి రాని లాభం మీద పన్ను: మూర్ కేసులో తేలిందేమిటి, తేలనిదేమిటి

పేచీ 14,729 డాలర్ల గురించి. కట్టిన ఆ పన్ను తిరిగి ఇప్పించమని వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన మూర్ దంపతులు వేసిన దావా అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 2024 జూన్ 20న 7–2తో వీగిపోయింది. ఆ పన్ను వాళ్ళ జీతం మీద పడింది కాదు, అమ్ముకున్న షేర్ల మీద పడిందీ కాదు. చిన్న, సన్నకారు రైతులకు పనిముట్లు అమ్మే మన దేశపు కంపెనీ కిసాన్‌క్రాఫ్ట్‌లో వాళ్ళకు వాటా ఉంది. ఆ కంపెనీ సంపాదించి, పంచకుండా వ్యాపారంలోనే తిప్పుకున్న లాభం మీద పడిన పన్ను ఇది.

ఫెడరల్ ప్రభుత్వానికి పన్ను వేసే అధికారం ఎంతవరకు ఉందన్న చర్చ వచ్చినప్పుడల్లా ఇప్పుడు ఈ కేసు పేరు వినిపిస్తుంది. కోర్టు సంపద పన్నుకు దారి తెరిచిందని ఒకరంటారు, ఆ దారి మూసేసిందని ఇంకొకరంటారు. తీర్పులో రెండూ లేవు. "లాభం నా చేతికి రాలేదు కదా" అన్నది మూర్‌ల ప్రశ్న. కోర్టు దాన్ని పక్కనపెట్టి, "ఎవరో ఒకరి చేతికి వచ్చిందిగా, దాన్ని మీ లెక్కలో వేసే అధికారం అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కు ఉందా" అన్న ప్రశ్న వేసుకుంది. ప్రశ్న మారిన చోటే కేసు తేలిపోయింది.

వాస్తవాలు

మూర్ దంపతులు 2006లో 40,000 డాలర్లు పెట్టి కిసాన్‌క్రాఫ్ట్‌లో దాదాపు 13 శాతం వాటా తీసుకున్నారు. కంపెనీ ఏటా లాభాల్లోనే నడిచింది కానీ డివిడెండ్ ఇవ్వలేదు. వాటాలో ఎక్కువ భాగం అమెరికన్ల చేతిలో ఉండడంతో అమెరికా పన్ను చట్టం దృష్టిలో అది "అమెరికన్ల అదుపులో ఉన్న విదేశీ కంపెనీ". పన్ను కన్సల్టెంట్లు సీఎఫ్‌సీ అనేది దీన్నే.

ఇలాంటి కంపెనీల విషయంలో 1962 నుంచి సబ్‌పార్ట్ ఎఫ్ నిబంధనలున్నాయి. కంపెనీకి వచ్చే వడ్డీ, అద్దె, రాయల్టీ వంటి కొన్ని రకాల ఆదాయాన్ని, పంచకపోయినా సరే, 10 శాతం, ఆపైన వాటా ఉన్న అమెరికన్ల లెక్కలో వేసి ఏ ఏటికాయేడు పన్ను వేస్తారు. సరుకు కొని అమ్మే మామూలు వ్యాపార లాభం చాలావరకు దీనికి బయటే ఉండిపోయింది, డివిడెండ్‌గా ఇంటికి వచ్చినప్పుడే దాని మీద పన్ను. అందుకే పెద్ద కంపెనీలు లక్షల కోట్ల డాలర్లు విదేశాల్లోనే అట్టిపెట్టుకున్నాయి.

2017 డిసెంబరులో వచ్చిన పన్ను చట్టం ఈ పద్ధతిని మార్చేసింది. కంపెనీ హోదాలో ఉన్న వాటాదారులకు విదేశీ డివిడెండ్ల మీద ఇకముందు పన్ను ఉండదంది. పాత నిల్వల మీద మాత్రం ఒక్కసారికి పన్ను వేసింది. సెక్షన్ 965 కింద వచ్చిన ఈ పన్ను 1986 తర్వాత పోగుపడి ఇంతవరకు అమెరికా పన్ను పడని లాభానికి వర్తిస్తుంది. పదేళ్ళలో దాదాపు 34,000 కోట్ల డాలర్లు వస్తాయని అంచనా. గురి పెట్టింది పెద్ద కంపెనీల మీదే అయినా, మూర్‌ల లాంటి మామూలు మనుషులూ ఆ వలలో పడ్డారు. పైగా ఇకముందు డివిడెండ్ల మీద పన్ను లేదన్న వెసులుబాటు వ్యక్తులకు దక్కలేదు. భారం వచ్చింది, బదులుగా ఇచ్చిన లాభం రాలేదు. మూర్‌ల కేసు మీద జనానికి సానుభూతి కలగడానికి అసలు కారణం ఇదే, అది న్యాయమైన సానుభూతే.

పన్ను లెక్క ఎలా కట్టారు

నగదు మీద 15.5 శాతం, మిగతా దాని మీద 8 శాతం అని అందరూ రాస్తారు. ఆ రేట్లు నేరుగా వేయరు. 2017 నవంబరు 2, డిసెంబరు 31 తేదీల్లో పోగుపడిన లాభం ఎంతో చూసి, రెండింటిలో ఎక్కువున్నది తీసుకోవాలి. దాన్ని నగదు, నగదు కానిది అని విడదీయాలి. బ్యాంకు నిల్వ ఒక్కటే నగదు అనుకుంటే తప్పు: డీలర్ల దగ్గర నుంచి రావాల్సిన బాకీలు కూడా, మనం సప్లయర్లకు ఇవ్వాల్సినవి తీసేశాక, నగదు కిందికే వస్తాయి. గోడౌన్‌లో ఉన్న సరుకు, యంత్రాలు రావు. ఆ తర్వాత ఒక డిడక్షన్ (మినహాయింపు) ఇస్తారు. 35 శాతం కార్పొరేట్ రేటు కట్టే కంపెనీకి చివరికి 15.5, 8 మిగిలేలా లెక్కగట్టిన డిడక్షన్ అది: నగదు భాగానికి 55.71 శాతం, మిగతా దానికి 77.14 శాతం.

ఒక వాటాదారు వంతుకు 1,00,000 డాలర్లు వచ్చిందనుకుందాం. అందులో 30,000 నగదు, 70,000 సరుకూ యంత్రాలూ. నగదులో 16,714 పోను 13,286 మిగులుతుంది. రెండో భాగంలో 54,000 పోను 16,000. మొత్తం 29,286 డాలర్లు అతని ఆదాయంలో కలుస్తుంది. 35 శాతం కట్టే కంపెనీకైతే దాని మీద పన్ను 10,250. 28 శాతం శ్లాబులో ఉన్న వ్యక్తికి 8,200. 39.6 శాతం శ్లాబులో ఉంటే 11,597, అంటే కంపెనీ కట్టే దానికంటే ఎక్కువ. 15.5, 8 రేట్లను వ్యక్తుల రిటర్న్‌లో నేరుగా వేస్తే లెక్క ఎటో ఒకవైపు తప్పుతుంది.

మూర్‌ల వంతు దాదాపు 5,08,000 డాలర్లు. డిడక్షన్ పోగా ఆదాయంలో కలిసింది 1,32,512. దాని వల్ల పెరిగిన పన్ను 14,729. ఎనిమిదేళ్ళ వాయిదాల వెసులుబాటు కూడా చట్టంలో ఉంది: మొదటి ఐదేళ్ళు ఏడాదికి 8 శాతం చొప్పున, ఆరో ఏడు 15, ఏడో ఏడు 20, ఎనిమిదో ఏడు 25 శాతం. 2017 రిటర్న్‌తో మొదలుపెట్టినవారికి చివరి వాయిదా 2025లో పడింది.

రాజ్యాంగం ఎక్కడ అడ్డొస్తుంది

మన రాజ్యాంగం ఏ పన్ను ఎవరు వేయాలో ఏడో షెడ్యూలులో జాబితాలుగా పంచిపెట్టింది. అమెరికా రాజ్యాంగం పోక వేరు. ఎగుమతుల మీద తప్ప కాంగ్రెస్ దాదాపు ఏ పన్నయినా వేయొచ్చు, కానీ ఎలా వేయాలన్న దాని మీద రెండు షరతులున్నాయి. సుంకాలు, ఎక్సైజ్ లాంటి పరోక్ష పన్నులు దేశమంతటా ఒకే తీరుగా ఉండాలి. ప్రత్యక్ష పన్నులైతే రాష్ట్రాల జనాభా దామాషాలో పంచి వసూలు చేయాలి.

జనాభా దామాషా అనేది పైకి చిన్న షరతుగా కనిపిస్తుంది. లెక్క వేసి చూస్తేనే దాని బరువు తెలుస్తుంది. ఒకే జనాభా ఉన్న రెండు రాష్ట్రాలు తీసుకోండి. ప్రత్యక్ష పన్నుగా రెండూ చెరో కోటి డాలర్లు ఇవ్వాలి. మొదటి రాష్ట్రంలో ప్రజల మొత్తం ఆదాయం 100 కోట్లు, రెండో దానిలో 40 కోట్లు. మొదటి చోట రేటు 1 శాతం సరిపోతుంది, రెండో చోట 2.5 శాతం వేయాలి. బీద రాష్ట్రంలో ఉన్నవాడికి రేటు ఎక్కువ! ఇలాంటి పన్నును ఏ చట్టసభలోనైనా ఓటుతో నెగ్గించడం దాదాపు అసాధ్యం. కాబట్టి ఒక పన్నును "ప్రత్యక్షం" అని ముద్ర వేయించగలిగితే దాన్ని ఆచరణలో చంపేసినట్టే. మూర్‌ల వాదన మొత్తం ఆ ముద్ర వేయించడానికే.

ఆ ముద్ర ఒకసారి నిజంగానే పడింది. 4,000 డాలర్లు దాటిన ఆదాయం మీద 2 శాతం పన్ను వేసిన 1894 నాటి చట్టాన్ని, 1895లో పొలాక్ కేసులో కోర్టు 5–4తో కొట్టేసింది. ఆస్తి మీద వచ్చే ఆదాయానికి పన్ను వేస్తే ఆస్తికి వేసినట్టే, కాబట్టి దామాషా తప్పదంది. దాన్ని దాటడానికి 1913 ఫిబ్రవరిలో 16వ సవరణ వచ్చింది. ఏ మూలం నుంచి వచ్చిన ఆదాయమైనా సరే, దామాషా లేకుండా పన్ను వేయొచ్చని దాని సారాంశం. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: "ఆదాయం" అంటే ఏమిటి?

మూర్‌లు ప్రధానంగా పట్టుకున్నది 1920 నాటి ఐస్నర్ వర్సెస్ మకోంబర్ తీర్పు. కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ 50 శాతం స్టాక్ డివిడెండ్ (నగదుకు బదులు కొత్త షేర్లు) ఇచ్చింది. 2,200 షేర్లున్న వాటాదారుకు మరో 1,100 వచ్చాయి. వాటిలో 198.77 షేర్లు 1913 మార్చి తర్వాతి లాభానికి చెందినవని లెక్కగట్టి, 19,877 డాలర్లు ఆదాయం అన్నారు. కోర్టు 5–4తో కాదంది. పెట్టుబడి చెట్టు లాంటిదీ, ఆదాయం దాని పండు లాంటిదీ అనే పోలికను ఆ తీర్పు ప్రస్తావించింది. కొత్త కాగితాలు చేతికొచ్చినా వాటాదారు ఆస్తిలో చిల్లిగవ్వ పెరగలేదు, కంపెనీ నుంచి ఏదీ విడివడి రాలేదు. లాభం విడివడి చేతికందడాన్నే రియలైజేషన్ అంటారు. ఇది రాజ్యాంగం పెట్టిన షరతని మూర్‌లు అన్నారు. పండు కోయలేదు, మా చెట్టుకే పన్ను వేశారన్నది వాళ్ళ మాట.

వాదన ఎక్కడ జారింది

జిల్లా కోర్టు 2020లో, తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు 2022లో ప్రభుత్వం పక్షానే నిలిచాయి. రియలైజేషన్ రాజ్యాంగపరమైన షరతే కాదన్నట్టుగా అప్పీలు కోర్టు రాసింది. సుప్రీంకోర్టు కేసు తీసుకుంటుందన్న ఆశ కలిగింది అక్కడే. తీసుకుంది కూడా. 2023 డిసెంబరు 5న వాదనలు విన్నది.

జస్టిస్ కావనా రాసిన ప్రధాన తీర్పు మకోంబర్‌ను కొట్టేయలేదు, దాని పక్కనుంచి నడిచింది. ఇక్కడ లాభం చేతికందింది, కిసాన్‌క్రాఫ్ట్ చేతికి. సరుకు అమ్మింది, డబ్బు వసూలు చేసుకుంది. మిగిలిన ప్రశ్న దాన్ని వాటాదారుల లెక్కలో వేయొచ్చా అన్నదే. దీనికి పాత తీర్పుల దన్ను గట్టిగా ఉంది. అంతర్యుద్ధ కాలపు ఆదాయపన్నే కంపెనీల పంచని లాభాన్ని వాటాదారులకు అంటగట్టింది, 1871లో కోర్టు దాన్ని ఒప్పుకుంది. భాగస్వామ్య సంస్థలో లాభం పంచుకునే వీలున్నా లేకపోయినా భాగస్వాములు పన్ను కట్టాల్సిందేనని 1938లో హైనర్ వర్సెస్ మెలన్ తేల్చింది. సంస్థకు వేయాలా, సభ్యులకు వేయాలా అన్నది కాంగ్రెస్ ఇష్టం.

మూర్‌ల న్యాయవాదులకు ఇక్కడ పెద్ద చిక్కొచ్చింది. భాగస్వామ్య సంస్థల పన్ను, ఎస్ కార్పొరేషన్ల (లాభం మీద కంపెనీకి కాక నేరుగా వాటాదారులకే పన్ను పడేలా ఎంచుకున్న కంపెనీల) పన్ను, సబ్‌పార్ట్ ఎఫ్ చెల్లవని అనలేరు. అలా అంటే అమెరికా పన్ను వ్యవస్థలో చాలా భాగం కూలిపోతుంది, ఏ జడ్జీ దానికి సాహసించరు. చెల్లుతాయని ఒప్పుకుంటే, వాటికీ దీనికీ తేడా చూపాలి. భాగస్వామ్యం విడి సంస్థ కాదన్నారు. ఎస్ కార్పొరేషన్‌లో వాటాదారుల సమ్మతి ఉందన్నారు. సబ్‌పార్ట్ ఎఫ్‌లో వాటాదారుల అదుపు ఉంది కాబట్టి లాభం చేతికందినట్టే భావించొచ్చన్నారు. మూడింటికి మూడు వేర్వేరు కారణాలు చెప్పాల్సి వచ్చిందంటేనే సూత్రం ఒకటి కాదని తెలిసిపోతుంది. సబ్‌పార్ట్ ఎఫ్ చెల్లితే సెక్షన్ 965 ఎందుకు చెల్లదో మూర్‌లు చూపలేకపోయారని, ప్రధాన తీర్పులో చేరని జస్టిస్ బారెట్ కూడా అదే మాట మీద ఫలితానికి ఒప్పుకున్నారు. జస్టిస్ అలిటో ఆమెతో కలిశారు.

పన్నుల మీద రాజ్యాంగ వాదన తయారుచేసేవాళ్ళు ముందుగా చేయాల్సిన పని ఇదే: మన సూత్రం నిలబడితే ఇంకా ఏ పన్నులు పడిపోతాయో ఒక జాబితా రాసుకోవాలి. ఒక్కో దాని పక్కన "పడిపోయినా ఫరవాలేదు" అనో, "దీనికి ఇది వర్తించదు, కారణం ఇదీ" అనో రాయాలి. కారణం ప్రతి వరుసలోనూ మారిపోతుంటే సూత్రాన్నే తిరగరాయాలి. ప్రభుత్వ న్యాయవాది ఆ జాబితా ఎలాగూ చదివి వినిపిస్తారు. మూర్‌ల వాదన ఒప్పుకుంటే లక్షల కోట్ల డాలర్ల రాబడి పోతుందన్న మాట ఈ తీర్పులోకీ ఎక్కింది.

తీర్పు హద్దులు

కోర్టు తన నిర్ణయం చుట్టూ నాలుగు కంచెలు వేసుకుంది. పన్ను ఒక సంస్థ వాటాదారుల మీద పడినదై ఉండాలి. లాభం ఆ సంస్థ చేతికి నిజంగా వచ్చి, పంచకుండా ఉండాలి. దాన్ని చట్టం వాటాదారుల లెక్కలో వేసి ఉండాలి. అదే లాభం మీద సంస్థకు పన్ను పడి ఉండకూడదు. నాలుగోదాన్ని చాలామంది వదిలేసి చదువుతారు. అమెరికాలోని ఒక మామూలు కంపెనీ లాభం మీద కంపెనీకీ పన్ను వేసి, పంచకముందే వాటాదారుకూ పన్ను వేస్తే చెల్లుతుందా? ఈ తీర్పు దానికి జవాబు చెప్పలేదు. సంపద మీద, ఆస్తుల నికర విలువ మీద, అమ్మకుండానే పెరిగిన షేరు ధర మీద వేసే పన్నుల గురించి ఏమీ తేల్చడం లేదని కోర్టు స్పష్టంగానే రాసింది.

ఓట్లు లెక్కబెడితే ఈ మౌనానికి అర్థం తెలుస్తుంది. రియలైజేషన్ రాజ్యాంగపరమైన షరతే అన్నది బారెట్, అలిటోల అభిప్రాయం. విభేదించిన థామస్, గోర్సచ్‌లదీ అదే. అంటే నలుగురు. అలాంటి షరతు రాజ్యాంగం మాటల్లో ఎక్కడుందన్న సందేహాన్ని జస్టిస్ జాక్సన్ విడిగా రాశారు. సంపద పన్ను కేసు వస్తే ఐదో ఓటు ఎటన్నదే ప్రశ్న. మూర్ తీర్పు చూపించి సంపద పన్ను చెల్లుతుందనో చెల్లదనో క్లయింటుకు రాసిచ్చేవారు తీర్పులో లేనిది రాసిస్తున్నట్టే.

మన వాళ్ళ ఫైళ్ళకు వస్తే

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో స్నేహితుడి కంపెనీలో వాటా పెట్టిన తెలుగువాళ్ళకు ఈ కేసు దూరం కాదు. అమెరికా పౌరులకే కాదు, గ్రీన్‌కార్డున్నవాళ్ళకు, పన్ను చట్టం ప్రకారం అక్కడి నివాసి అయిన హెచ్1బీ ఉద్యోగికి కూడా ఇవే నిబంధనలు.

నలుగురు స్నేహితులు తలా 15 శాతం, హైదరాబాద్‌లో ఉన్న బావమరిది 40 శాతం పెట్టారనుకోండి. నలుగురిదీ కలిపి 60, సగం దాటింది, సీఎఫ్‌సీ అయింది. అదే నాలుగో స్నేహితుడు 9 శాతమే తీసుకుని మిగతా 6 బావమరిది తీసుకుంటే, అమెరికా వాళ్ళది మొత్తం 54 శాతమైనా లెక్కలోకి వచ్చేది 10 శాతం, ఆపైన ఉన్నవాళ్ళదే: 45. సీఎఫ్‌సీ కాదు. భార్యాభర్తలిద్దరూ అమెరికాలో ఉండి చెరో 6 శాతం పెడితే మాత్రం ఒకరిది ఇంకొకరికి కలిపి 12 అంటారు, పది దాటినట్టే. ఇండియాలోనే ఉండే, అమెరికా నివాసులు కాని తల్లిదండ్రుల వాటాను ఇలా కలపరు.

సెక్షన్ 965 ఒక్కసారితో పోయింది కానీ, దాని స్థానంలో ఏటా పడే పన్ను వచ్చింది. సీఎఫ్‌సీ మామూలు వ్యాపార లాభాన్ని కూడా చాలావరకు వాటాదారు లెక్కలో వేసే గిల్టీ (GILTI) అనే పన్ను 2018 నుంచి అమలులో ఉంది. 2025 చట్టం దాని పేరూ కొన్ని లెక్కలూ మార్చింది, పద్ధతి అదే. వ్యక్తులకు ఇది 37 శాతం దాకా వెళ్తుంది, కంపెనీ ఇండియాలో కట్టిన ఆదాయపన్నుకు క్రెడిట్ కూడా రాదు. సెక్షన్ 962 కింద, నన్ను కంపెనీలాగా లెక్కగట్టండని ఎంచుకుంటే కార్పొరేట్ రేటు 21 శాతం వస్తుంది, ఇండియా పన్నుకు క్రెడిట్ దొరుకుతుంది. తర్వాత డివిడెండ్ తీసుకున్నప్పుడు మళ్ళీ కొంత కట్టాలి. రెండు దారులూ లెక్కగట్టి పక్కపక్కన పెట్టనిదే సంతకం చేయించకూడదు.

విదేశీ కంపెనీలో వాటా వివరాలు తెలిపే ఫారం 5471 వేయకపోతే, ఒక్కో కంపెనీకి ఏడాదికి 10,000 డాలర్ల జరిమానా వాటాదారు మీద పడుతుంది. పన్ను సున్నా అయినా ఫారం వేయాల్సిందే. ఇండియా ఆడిటర్ ఇచ్చిన బ్యాలెన్స్ షీట్ అంకెలను నేరుగా అందులో ఎక్కించడం మామూలుగా జరిగే పొరపాటు. తరుగుదల, ప్రొవిజన్లు అమెరికా నిబంధనల ప్రకారం తిరగ్గట్టాలి, ఆ తర్వాతే డాలర్లలోకి మార్చాలి.

మన సీఏలకు తేలిగ్గా చెప్పాలంటే, 1961 ఆదాయపన్ను చట్టం సెక్షన్ 2(22)(ఇ) గుర్తు చేసుకోవచ్చు. ప్రైవేటు కంపెనీ తన 10 శాతం వాటాదారుకు అప్పిస్తే, పోగుపడిన లాభం మేరకు దాన్ని డివిడెండ్‌గా చూస్తారు. అక్కడ కనీసం డబ్బు వాటాదారు చేతికి వస్తుంది, సీఎఫ్‌సీ పద్ధతిలో అదీ రాదు. పన్ను కట్టడానికి డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న వాటాదారుల ఒప్పందం రాసే రోజే తేలాలి: అమెరికా వాటాదారులకు పడే పన్ను మేరకు కంపెనీ ఏటా డివిడెండ్ ప్రకటించాలన్న షరతు అందులో ఉండాలి. తర్వాత అడిగితే బావమరిది కూడా ఒప్పుకోడు.

ఇక మూర్‌ల దారిలోనే పన్ను చెల్లుబాటును సవాలు చేయాలనుకునేవారు గడువులు తప్పకూడదు. పన్ను వసూలును ముందే ఆపమని కోర్టుకు వెళ్తే సెక్షన్ 7421 అడ్డుపడుతుంది. జిల్లా కోర్టుకు వెళ్ళాలంటే మొత్తం పన్ను కట్టేయాలి, ఇది 1960 నాటి ఫ్లోరా తీర్పు. కట్టకుండా వాదించాలంటే పన్ను తక్కువ కట్టారంటూ శాఖ పంపే డెఫిషియెన్సీ నోటీసు వచ్చాక టాక్స్ కోర్టు ఒక్కటే దారి. కట్టినవారు ఫారం 1040-ఎక్స్ (సవరించిన రిటర్న్)తో రిఫండు అడగాలి. రిటర్న్ వేసిన 3 ఏళ్ళు లేదా పన్ను కట్టిన 2 ఏళ్ళు, ఏది తర్వాత వస్తే అది గడువు. శాఖ జవాబివ్వకపోతే 6 నెలలు ఆగి దావా వేయొచ్చు. తిరస్కరిస్తే ఆ నోటీసు తేదీ నుంచి 2 ఏళ్ళే. రిఫండు దరఖాస్తులో చెప్పని కారణం కోర్టులో కొత్తగా ఎత్తలేం, కాబట్టి దామాషా, రియలైజేషన్, ఒకరి ఆదాయం ఇంకొకరికి అంటగట్టడం ఏకపక్షమన్న డ్యూ ప్రాసెస్ (రాజ్యాంగం ఇచ్చే న్యాయమైన ప్రక్రియ హామీ) వాదన, మూడూ విడివిడి పేరాలుగా అందులోనే రాయాలి. వేరొకరి కేసు పైకోర్టులో నడుస్తుంటే, దాని ఫలితం కోసం ఆగకుండా గడువు లోపలే రక్షణగా ఒక రిఫండు దరఖాస్తు వేసి ఉంచాలి. మూర్‌లు గెలిచి ఉన్నా, 2018లో మొత్తం ఒకేసారి కట్టి ఏ దరఖాస్తూ వేయనివారిలో చాలామందికి 2024 నాటికి గడువు ఎప్పుడో దాటిపోయి ఉండేది.